పటేలు బండి స్టీరింగ్, మా ఉస్తాద్ చెయ్యి

గత నెల ఒక మంగళవారం పొద్దున మా ఉస్తాద్ మీర్‌పేటలో తన కిరాయి ఇంట్లో చనిపోయాడు. గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నవాడు గ్లాసు సగం ఉండగానే పక్కకు ఒరిగిపోయాడట. ఆయన భార్య, నేను వదిన అని పిలిచే మనిషి, ఫోన్ చేసేసరికి నేను లేత్ మిషన్ మీద ట్రాక్టర్ పిన్ను ఒకటి తిప్పుతున్నాను. "మీ ఉస్తాద్ పోయిండు తమ్మీ" అని ఫోన్ ఎవరి చేతికో ఇచ్చేసింది. నేను మిషన్ ఆపడం మర్చిపోయాను. పిన్ను ఉండాల్సినదానికంటే సన్నగా అయిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి బయల్దేరాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న మెకానిక్‌లు, స్పేర్ పార్టుల షాపులవాళ్లు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా అందులో దండాలు, దీపాలు, పూలు వచ్చి పడ్డాయి. ఒకతను ఇలా రాశాడు: "మంచి ఉస్తాద్. పటేలు బండి కాడ చెయ్యి తప్పింది గానీ, లేకుంటే మన లైన్‌ల అంత స్టీరింగ్ పనోడు లేకుండె." దాని కింద పదిమంది బొటనవేలు గుర్తు పెట్టారు.

ఆ మాట అబద్ధం. రాసినవాడి తప్పు కాదు, అతనికి తెలిసింది అంతే. పటేలు బండి దగ్గర తప్పింది ఉస్తాద్ చెయ్యి కాదు, నాది. నాలుగేళ్లు ఆయన ఆ మాట బయటపెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఇప్పుడు ఆయన లేడు. గ్రూపులో నాలుగు ముక్కల్లో రాసే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదవడం అలవాటే గానీ రాయడం నాకు కొత్త, తప్పులుంటే దాటేయండి.

నేను టర్నర్ని. తెనాలి దగ్గర పల్లె మాది. హైదరాబాదు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో ఒక లేత్ పెట్టుకున్నాను. పక్క రేకుల షెడ్డు ఉస్తాద్‌ది. ఇక్కడ పనితనమున్న మెకానిక్‌ను అలాగే పిలుస్తారు. ఇద్దరికీ మధ్య ఒకే గోడ. ఆయనది నల్లగొండ పక్క ఊరు. లారీ క్లీనర్‌గా వచ్చి, డ్రైవర్ అవుదామనుకుని, బండి నడపడం కంటే బండి కింద పడుకోవడమే బాగుందని మెకానిక్ అయ్యానని చెప్పేవాడు. స్టీరింగ్ పని తప్ప వేరే పని ముట్టేవాడు కాదు. ఇంజన్ పని వస్తే రెండు షెడ్లు అవతల ఉన్నవాడి దగ్గరకు పంపేవాడు.

మొదట్లో నేను ఆయన్ని "ఉస్తాద్ గారూ" అని పిలిస్తే గోడ అవతల నుంచి నవ్వు వినపడేది. "ఉస్తాద్‌కు గారు ఏంది తమ్మీ, మీ ఆంధ్రోళ్లు కుక్కను గూడ గారు అంటరా ఏంది?" అనేవాడు. నాకు కోపం వచ్చి వారం రోజులు "ఏమండీ" అని పిలిచాను. అది ఇంకా అన్యాయంగా ఉందన్నాడు. చివరికి గారూతోనే సర్దుకున్నాం.

ఆయనకొక అలవాటు ఉండేది. మేమంతా పని అయ్యాక చేతులు కడుక్కుంటాం. ఆయన పనికి ముందు కడుక్కునేవాడు. సబ్బు పెట్టి, గోళ్ల కింద పాత టూత్ బ్రష్‌తో తోమి, ఉతికిన గుడ్డతో తుడుచుకుని అప్పుడు స్టీరింగ్ బాక్సు విప్పేవాడు. ఆ బాక్సులోకి ఇసుక రేణువు ఒక్కటి పోయినా పని చెడుతుందని ఆయన బాధ. చూసేవాళ్లకు గ్రీజు పని చేసే మనిషిలా కాక, ఎక్కడికో భోజనానికి కూర్చోబోతున్నవాడిలా ఉండేవాడు. ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఎన్ని నెలలుగా మార్చలేదో డ్రైవర్‌కే చెప్పేవాడు. డ్రైవర్లు ముందు బుకాయించి తర్వాత ఒప్పుకునేవాళ్లు.

పని అయిందని ఆయన ఎప్పుడనేవాడంటే, ఇంజన్ స్టార్ట్ చేసి, బండి నిలబడి ఉండగానే, స్టీరింగ్ చక్రాన్ని చిటికెన వేలితో ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పగలిగినప్పుడు. "రెండో వేలు పెట్టినవంటే ఇంక నా పని కాలేనట్టే" అనేవాడు. ఒకసారి నల్లగొండ నుంచి బత్తాయిలు తెచ్చిన లారీ డ్రైవర్ భుజాలు పట్టేసి కిందికి దిగలేకపోయాడు. ఉస్తాద్ రెండు రోజులు ఆ బాక్సు మీద కూర్చుని, మూడో రోజు అతన్ని పిలిచి చిటికెన వేలు పెట్టమన్నాడు. అంత లావు చక్రం సాఫీగా తిరుగుతుంటే ఆ డ్రైవర్ వేలు తియ్యకుండా నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పి, కిందికి దిగి ఒక గోనెసంచి బత్తాయిలు షెడ్డులో పెట్టిపోయాడు. ఆ వారమంతా ఉస్తాద్ నాకు కాయలు ఒలిచి గోడ మీద నుంచి అందించాడు. పని బాగా కుదిరిన రోజు ఆయన ముఖం ఎలా ఉంటుందో చాలాసార్లు చూశాను. అందుకే తర్వాత చూసిన ముఖం నన్ను వదలడం లేదు.

తర్వాత మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయింది. ఒక నెలలో మా సందు ఖాళీ అయింది. లారీలు లేవు, హమాలీలు లేరు, పండిన మామిడి వాసన కూడా లేదు. కొత్త కార్లలో ఆయిల్ స్టీరింగే రావడం మానేసింది, అన్నిటికీ కరెంటు మోటారు. పాడైతే కంపెనీ షోరూమ్‌లో కంప్యూటర్ తగిలించి చూసి మొత్తం మార్చేస్తారు. ఉస్తాద్ పొద్దున్నే వచ్చి షెడ్డు ఊడ్చి, చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చునేవాడు. ఏ పనీ లేకపోయినా చేతులు కడుక్కునేవాడు. అది చూడటానికి నాకు కష్టంగా ఉండేది. నా మిషన్ కూడా రోజులో సగం ఊరికే ఉండేది కాబట్టి చూడక తప్పేది కాదు.

అప్పుడు వచ్చింది పటేలు బండి.

పటేలు వాళ్లది చంపాపేట్‌లో పాత కాపురం. వాళ్ల పొలాలన్నీ కాలనీలై, అపార్ట్‌మెంట్లై, రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు కూడా అయ్యాయి. కారు మాత్రం వాళ్ల నాన్న నాటిది. అమెరికా కారు, లేత నీలం రంగు, మా సందులోకి రావడానికే అరగంట పట్టింది. ఆరోజుల్లోనే దానికి పవర్ స్టీరింగ్ ఉండేదట. ఏళ్లకేళ్లు షెడ్డులో పడి ఉండి, ఇంజన్ ఎవరో బాగుచేశారు గానీ స్టీరింగ్ మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. పటేలుకు డెబ్బై దాటాయి. స్నానాల గదిలో పడి కుడి భుజం దెబ్బతిన్నది, ఆ చెయ్యి ఛాతీ కంటే పైకి లేవదు. కొడుకులు డ్రైవర్‌ను పెడతామన్నారు. ఆయనకు డ్రైవర్ వద్దు. వాళ్ల నాన్న ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపిన బండి అది, చంపాపేట్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా పోయి వెనక్కి రావాలి, అదీ తన చేత్తోనే. ఇంకేమీ అడగలేదు.

"ఈ భుజంతోని తిప్పేటట్టు చేస్తవా ఉస్తాద్?" అని అడిగాడు.

ఉస్తాద్ అప్పటికే బానెట్ కిందికి తల పెట్టేశాడు. లోపలి నుంచే అన్నాడు, రెండు నెలలు ఇవ్వమని. ఆ రోజు ఆయన గొంతు పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో విన్న గొంతు.

ఈ స్టీరింగ్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఇంజన్‌తో తిరిగే పంపు ఒకటి ఆయిల్‌ను తోస్తుంటుంది. మనం చక్రం తిప్పినప్పుడు ఆ ఆయిల్ వచ్చి మన చేతికి సాయం పడుతుంది. ఎడమకు తిప్పితే ఎడమవైపు, కుడికి తిప్పితే కుడివైపు ఆయిల్‌ను పంపేది బాక్సులో ఉండే చూపుడువేలంత ఉక్కు కడ్డీ. దాన్ని స్పూల్ అంటారు. దాని మీద అక్కడక్కడా గాడులుంటాయి. అది వెంట్రుకవాసి జరిగితే ఒక దారి మూసుకుని ఇంకో దారి తెరుచుకుంటుంది. ఆ గాడుల అంచులు కత్తిలా ఉండాలి. అంచు కాస్త మొద్దుబారినా ఆయిల్ ఎటు పోకూడదో అటు పోతుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

ఆ స్పూల్ మీద తుప్పు చారలు ఉన్నాయి. ఉస్తాద్ దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీద మీద పాలిష్ పట్టు తమ్మీ. ఇంకేం చెయ్యకు" అన్నాడు. మర్నాడు ఆయనకు షుగర్ పరీక్ష ఉండి దవాఖానకు పోవాలి, ఎక్కువసేపు నిలబడలేదు.

నేను పని నేర్చుకున్నది విజయవాడలో. నాకు నేర్పినాయన దగ్గర ఒక రూలు ఉండేది. ఏ వస్తువైనా మిషన్ మీద నుంచి తియ్యబోయే ముందు దాని పదును అంచులన్నిటి మీద ఎమిరీ అనే గరుకు కాగితం పట్టి ఆ పదును తీసెయ్యాలి. లేకపోతే పట్టుకున్నవాడి చెయ్యి కోసుకుంటుంది. మొదటి నెలలో నేను మర్చిపోతే ఆ వస్తువునే నా అరచేతిలో పెట్టి పిడికిలి మూయించాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ మర్చిపోలేదు. ఈ సందులో నాకు ఏదైనా పేరుందంటే అదొక్కటే, వీడి పని నీటుగా ఉంటుంది, చెయ్యి పెడితే ఎక్కడా గీరదు అని.

పటేలు బండి స్పూల్‌ను కూడా నీటుగా చేశాను. తుప్పు పోయింది, వెండిలా మెరిసింది. ఆపేముందు చెయ్యి దానంతట అదే ఎమిరీ ముక్క మీదికి పోయింది. ఒక్కో అంచు మీద రెండు క్షణాలు, అంతే. ఏదో తప్పు చేస్తున్నానని ఎక్కడా అనిపించలేదు. అదే గుడ్డలో చుట్టి ఆయన బల్ల మీద పెట్టాను. ఉస్తాద్ ఎవరిచ్చిన పార్టునైనా బిగించే ముందు అటూ ఇటూ తిప్పి చూస్తాడు. నేనిచ్చినదాన్ని మాత్రం చూసేవాడు కాదు. అంత నమ్మకం.

టెస్ట్ చేసే రోజు పటేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఉస్తాద్ డ్రైవర్ సీటు పక్కన నిలబడి, తలుపు తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి స్టార్ట్ చేశాడు. ఎవరూ ముట్టుకోకుండానే చక్రం గిర్రున ఎడమకు తిరిగింది. దాని ఊచ ఒకటి ఆయన మణికట్టు మీద పడింది. ఎముక మీద కొట్టిన చప్పుడు నా షెడ్డు దాకా వినపడింది. ఇంజన్ ఆపాడు. చెయ్యి పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ అదే.

అదే రోజు బాక్సు దించి విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. స్పూల్ తీసి తుడిచి దాని అంచు మీద బొటనవేలి గోరు ఆనించి అడ్డంగా లాగాడు. ఇంకో అంచు మీద లాగాడు. అన్నీ చూశాడు. నా వైపు చూడలేదు. దాన్ని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని పటేలు దగ్గరికి పోయాడు.

"నా చెయ్యి తప్పింది పటేలా. పార్టు నేనే ఖరాబ్ చేసిన."

పటేలు కోప్పడలేదు. తప్పు చేశానని ఒప్పుకున్న మెకానిక్‌ను జన్మలో మొదటిసారి చూశానన్నాడు. నేను నిజంగానే ఉస్తాద్ బిగించడంలో ఏదో పొరపాటు చేశాడనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన మణికట్టుకు కట్టు కడుతూ, ఎంతటివాళ్లకైనా ఒక్కోసారి జరుగుతుంది లెండి, మనసులో పెట్టుకోకండి అని ధైర్యం కూడా చెప్పాను. "అవును తమ్మీ, జరుగుతది" అన్నాడు. ఆ ధైర్యం చెప్పిన నోటిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పార్టు కోసం ఆయన తిరగని చోటు లేదు. అమెరికాలో దొరుకుతుంది, కానీ అక్కడ స్టీరింగ్ ఎడమవైపు. మన దేశానికి వచ్చిన కుడివైపు బళ్లకు బాక్సే వేరు. పటేలు కొడుకు ఇంటర్నెట్‌లో తెప్పించింది కూడా ఎడమదే అయింది, కుదరలేదు. ఒక నెల పోయాక ఉస్తాద్ ఉక్కు కడ్డీ ముక్క ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కొత్త స్పూల్ మనమే చేసుకుందామన్నాడు. కొలతలన్నీ చెప్పి, పోబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అంచుల మీద ఎమిరీ పెట్టకు తమ్మీ. గోరు పెడితే గీరాలె. జర గుండ్రమైనా ఆయిల్ ఆగదు."

మొదటిదాన్ని పాడుచేసింది నేనేనని అప్పుడు తెలిసింది. మరి మొదటిది, అని అడగబోయాను. "మొదటిది తుప్పుల పోయింది. పని చూడు" అని వెళ్లిపోయాడు. ఈ విషయం గురించి మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఇవే. నాలుగేళ్లలో ఇంకో మాట లేదు.

ఎందుకు నన్ను కాపాడాడో నాకు తెలియదు. అంచుల సంగతి ముందే చెప్పకుండా ఇచ్చాడు కాబట్టి తప్పు తనదే అనుకున్నాడేమో. మార్కెట్ పోయాక నాకు మిగిలిన ఒకటి రెండు గిరాకీలు కూడా పోతాయని అనుకున్నాడేమో. ఆయన మనసు నాకు అందలేదు. నా మనసు మాత్రం నాకు బాగా తెలుసు. భయపడ్డాను. ఈరోజు చెప్పేద్దాం అనుకుంటూ పొద్దున షట్టర్ ఎత్తేవాణ్ని, రేపు చెబుదాం అనుకుంటూ సాయంత్రం దించేవాణ్ని.

ఆ తర్వాత చేసినవి పదమూడు స్పూళ్లు. ఒకటి బిగుతు, ఒకటి వదులు, ఒకటి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఇరుక్కుపోయింది. బాలానగర్‌లో గ్రైండింగ్ చేయించాం, గట్టిపడటానికి కాల్పించాం. కాల్చినది వంగింది. నా మిషన్‌కు అంత సన్నపు పని రాదని నాకు మూడోదానికే అర్థమైంది. ఆయనకు అంతకుముందే అర్థమై ఉంటుంది. అయినా ఆపలేదు. పటేలు ప్రతి శుక్రవారం వచ్చి స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగి, బండి బానెట్ మీద దుమ్ము ఎడమ చేత్తో తుడిచి వెళ్లేవాడు.

బండి మాత్రం షెడ్డులో నిలబడి అందరికీ కనపడుతూనే ఉంది. ఎవరైనా పని పట్టుకుని వస్తే, ఇదేంది ఉస్తాద్ ఇంకా ఇక్కడే ఉంది అని అడిగేవాళ్లు. "నా చెయ్యి తప్పింది" అని అదే మాట చెప్పేవాడు. దాచుకోవడం రాదు ఆయనకు, నన్ను దాచడం ఒక్కటే వచ్చింది. ఆ మాట సందు దాటింది, మెయిన్ రోడ్డు దాటింది, ఎల్బీనగర్ చేరింది. మిగిలిన కాస్త లారీల పని కూడా అటే పోయింది. నా మిషన్ మీదికి మాత్రం పని వస్తూనే ఉంది. నీటుగా చేస్తాడని.

రెండేళ్ల కిందట ఒకరోజు ఆయన ఏదో బండి కింద చెయ్యి పెట్టి మాట్లాడుతున్నాడు. నాకు చర్మం కాలిన వాసన వచ్చింది. చూస్తే ఆయన వేళ్లు వేడి సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని ఉన్నాయి. ఆయనకు తెలియడం లేదు. నేను చెయ్యి లాగాక, పొక్కులు చూసుకుని, ఎవరి చెయ్యో చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు. షుగర్ వల్ల వేళ్లు మొద్దుబారాయని డాక్టర్ చెప్పాడట, ఆ సంగతి నాకు అప్పుడే చెప్పాడు. ఆయిల్ రుద్ది చూసే వేళ్లవి.

పదమూడో స్పూల్ అయ్యాక దాన్ని చేతిలో పట్టుకుని, గోరు ఆనించి లాగి, మళ్లీ లాగి, నాకు ఇచ్చాడు.

"నువ్వు చూడు తమ్మీ. నా గోటికి తెలుస్తలేదు."

నేను గోరు పెట్టి చూశాను. గీరింది. అన్ని అంచులూ గీరాయి. అప్పుడు చెప్పాలి నేను. ఆయన ఎదురుగా ఉన్నాడు, స్పూల్ నా చేతిలో ఉంది, సందులో ఎవరూ లేరు. "పదునుగానే ఉందండి" అన్నాను. అంతే అన్నాను.

అది బిగించాక చక్రం తిరిగింది. ఒక్క వేలికి కాదు గానీ, ఒక చేతికి తిరిగింది. పటేలును కూర్చోబెట్టాడు. ఆయన ఎడమ చేత్తో అటూ ఇటూ తిప్పి, సందు చివరి దాకా పోయి వచ్చాడు. ఆదివారం ఎల్బీనగర్ దాకా పోదామని అనుకున్నారు. ఉస్తాద్ ఆ నాలుగు రోజులు షెడ్డులో నిలబడి దారినపోయేవాళ్లందరినీ పలకరించాడు. శనివారం ఇంకోసారి చూద్దామని స్టార్ట్ చేస్తే చక్రం సగంలో మూలిగి బిగుసుకుపోయింది. విప్పి చూస్తే మా ఉక్కు మెత్తనిది, గీతలు పడి ఇరుక్కుపోయింది. మొదటి స్పూల్ ఉక్కు అలా కాదు, తుప్పు పట్టినా లోపల గట్టిగానే ఉండేది. పద్నాలుగోది చేద్దామా అని ఆయన అడగలేదు. నేను అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు రావడం తగ్గింది. చనిపోవడానికి రెండు వారాల ముందు, ఇక ఈసారి చెప్పి తీరాలని మీర్‌పేట పోయాను. బస్సులో మాటలు వల్లె వేసుకున్నాను. ఆయన కాళ్లకు కట్లు ఉన్నాయి. మార్కెట్ జాగాలో కడుతున్న పెద్ద దవాఖాన ఎన్ని అంతస్తులు లేచిందని అడిగాడు. చెప్పాను. తర్వాత, ఉస్తాద్ గారూ, ఆ మొదటి పార్టు, అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "మీ వదిన చాయ్ పెడతది, తాగిపో" అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను. నా గుండెలో బరువు దించుకోవడానికి పోయాను గానీ ఆయన బరువు దించడానికి పోలేదని ఆయనకు తెలిసిపోయిందేమో. ఆ బరువు దించాలంటే నేను మాట్లాడాల్సింది ఆయనతో కాదు, బయట అందరితో.

ఉస్తాద్ పన్నెండో రోజు కార్యం అయ్యాక షెడ్డు ఖాళీ చెయ్యమని జాగా ఓనరు అడిగాడు. పనిముట్లు వదిన ఇచ్చేయమన్న చోట ఇచ్చేశాం. బండి మిగిలింది. దాన్ని ఫంక్షన్ హాలు గేటు దగ్గర సిమెంటు గద్దె మీద పెడతారట. పెళ్లికి వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారని పటేలు కొడుకులు అనుకున్నారు. ఇంక అది నడవాల్సిన పనిలేదు.

దాన్ని లాక్కుపోవడానికి ఒక లారీ వచ్చింది, అది సందులోకి పట్టదు కాబట్టి సందు మలుపు దాకా తాడుతో లాగాలి, ఎవరో ఒకరు లోపల కూర్చుని చక్రం తిప్పాలి అన్నారు. నేను కూర్చున్నాను. పటేలు కిటికీ పక్కన నిలబడ్డాడు. ఉస్తాద్ మంచివాడని, తప్పు ఒప్పుకున్న మనిషని, మళ్లీ అదే మాట మొదలుపెట్టాడు.

"ఆయన తప్పు చెయ్యలేదు పటేలా," అన్నాను. "మీ పార్టు పాడుచేసింది నేను. ఆయన నా పేరు చెప్పలేదు."

ఎమిరీ సంగతి, అంచుల సంగతి అంతా చెప్పాను. ఉస్తాద్ గోరు పెట్టి చూశాడని చెప్పాను. పటేలు ఎప్పటిలా ఎడమ చేత్తో బానెట్ మీద దుమ్ము తుడిచాడు. తిట్టినా బాగుండేది.

తాడు బిగిసింది. బండి మెల్లగా కదిలింది. కుడికి తిప్పు, కుడికి, అని ముందు నుంచి అరుస్తున్నారు. రెండు చేతులూ వేసి, సీటులోంచి లేచి, ఒంటి బరువంతా పెట్టి లాగాను. గోడలో పాతిన మేకులా ఉంది చక్రం. బంపర్ గోడకు జానెడు దూరంలోకి వచ్చేసింది. అప్పుడు పటేలు కిటికీలోంచి ఎడమ చెయ్యి లోపలికి పెట్టాడు. తర్వాత ఆ చేత్తోనే, పైకి లేవని తన కుడి చేతిని మోచెయ్యి దగ్గర పట్టుకుని ఎత్తి, తెచ్చి చక్రం మీద నా చేతుల పక్కన పెట్టాడు. నొప్పికి ఆయన పళ్లు బిగిశాయి.

"తిప్పు" అన్నాడు.

ఇద్దరం తిప్పాం. అంగుళం అంగుళంగా తిరిగింది. ఆయన బండి పక్కనే అడుగులు వేసుకుంటూ నడిచాడు, ఊపిరి నా చెంపకు తగులుతోంది, చొక్కా అంతా తడిసిపోయింది. సందు మలుపు దాటేదాకా ఆయన ఆ చెయ్యి తియ్యలేదు, నా ముఖం వైపు చూడనూ లేదు.